దూది వద్దు, నులక కావాలి

చెప్పులు గడప బయటే విడిచి రండి. కాస్త గొంతు తగ్గించండి చాలు. మా వాడు లేచాడు.

ఆరు కావస్తోంది. కొండవీడు కొండ ఇంకా మంచులోనే ఉంది. పైన కోటగోడ కనపడటం లేదు, కింద సీతాఫలం పొదలు మాత్రం బూడిదరంగు మచ్చల్లా తెలుస్తున్నాయి. మాఘమాసం సగం దాటింది, శివరాత్రి ఇంకా పది రోజులు. మా అత్తయ్య వాకిట్లో కళ్ళాపి చల్లి, ముగ్గుగిన్నె పట్టుకుని వంగింది. మీరు అరుగు మీద ఈ స్తంభానికి ఆనుకుని కూర్చోండి. ఇక్కడి నుంచి వాడు మీకు కనపడతాడు, మీరు వాడికి కనపడరు. కొత్త మనిషి ముఖం పొద్దున్నే ఎదురైతే రోజంతా చెదిరిపోతాడు.

వాడికి అయిదేళ్ళు. రెండున్నరేళ్ళప్పుడు గుంటూరులో డాక్టరుగారు ఆటిజం అని చెప్పారు. ఇప్పటికి ఏడెనిమిది మాటలున్నాయి. చూడండి, తడి వాకిలి అంచున మునివేళ్ళ మీద ఎలా నిలబడ్డాడో. మడమ నేలకి ఆనదు. తడిమట్టి పాదానికి అంటుకోవడం పడదు, అందుకని మెట్టు దిగడు. చూపు మాత్రం నాయనమ్మ వేళ్ళ మీదే. ఆవిడ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి పిండి జారుతోంది, దారం కంటే సన్నగా, ఎక్కడా తెగకుండా. వాడు తల పక్కకు వాల్చి ఓరకంట ఆ గీతనే చూస్తున్నాడు. గొంతులో సన్నటి 'ఊఁ' మొదలైంది. అది ఏడుపు కాదు, సంతోషం. నాకు ఈ తేడా తెలియడానికి ఏడాది పట్టింది.

ఆ గిన్నెలో ఉన్నది బియ్యప్పిండి. పోయినేడు ఒక రోజు బజారు ముగ్గు గుప్పెడు తీసి నోట్లో కుక్కుకున్నాడు. నోరంతా కడిగి, భయంతో కూర్చున్నాం. మర్నాటి నుంచి ముగ్గుపిండి ఇంట్లోకి రాలేదు.

"పూర్వం మేం బియ్యప్పిండితోనే ఏసేవాళ్ళం గదమ్మా, చీమలకీ పిచ్చికలకీ అని. ఇప్పుడు నా మనవడిక్కూడా" అంది అత్తయ్య, తడుముకోకుండా. చేతికి దొరికిందల్లా నోట్లో పెట్టుకునే బిడ్డ ఇంట్లో ఉంటే, ఆడుకునే వస్తువు తిన్నా ప్రమాదం లేనిదై ఉండాలి. పుస్తకం చదవకుండానే ఆవిడకు ఆ సంగతి తెలిసింది.

లోపలికి రండి. తల వంచండి, గుమ్మం చిన్నది.

అటక మీద ఆ నీలం ప్లాస్టిక్ డబ్బా కనిపిస్తోందా? అందులో చేతికి అంటుకోని ఇసుక, స్లైమ్, రంగులేసిన బియ్యం ఉన్నాయి. ఫోనులో వీడియోలు చూసి మూడువేల పైన పెట్టి తెప్పించాను. 'సెన్సరీ ప్లే' అంటే ఇవేననుకున్నాను. తాకి, వాసన చూసి, ఊగి, విని ఆడుకునే ఆటకు అది ఇంగ్లీషు పేరు. డబ్బా తెరవగానే వాడు వెనక్కి నడిచి గోడకు కరుచుకున్నాడు. వీడియోలో పిల్లలు మోచేతుల దాకా ముంచి నవ్వుతుంటే, మా వాడు చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు.

డబ్బాలో నీళ్ళలో వేస్తే ఉబ్బే రంగురంగుల జెల్ గోళీలు కూడా వచ్చాయి. వాటిని మాత్రం ఆ రోజే పారేశాను. ఎండుగా ఉన్నప్పుడు ఆవగింజంత ఉంటాయి. మింగితే పేగులో ఉబ్బి అడ్డం పడతాయి, ఆపరేషన్ దాకా వెళ్ళిన పిల్లలున్నారు. 2023 చివర్లో అమెరికాలో అమెజాన్, వాల్‌మార్ట్, టార్గెట్ కంపెనీలు పిల్లల ఆటవస్తువులుగా వాటిని ఇక అమ్మబోమని ప్రకటించాయి. మన దగ్గర ఇంకా బజార్లో దొరుకుతున్నాయి. దయచేసి కొనకండి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మేం మొదట వెళ్ళిన ఒక సెంటర్లో వాడి చేతులు పట్టుకుని షేవింగ్ నురగలో ముంచారు. 'అలవాటు చెయ్యాలమ్మా' అన్నారు. నేను అద్దం అవతల నిలబడి చూశాను, ఆపలేదు. వాడు అరిచిన అరుపుకి కడుపు తరుక్కుపోయింది. తర్వాత మూడు వారాలు స్నానం సబ్బునురగ చూసినా వణికాడు. నేను ఆపాల్సింది.

ఇప్పుడు ఈ మూల చూడండి. గోతాల్లో పత్తి. మాకు రెండెకరాలు, ఆఖరి తీత మొన్ననే అయింది. లోకంలో ఇంతకంటే మెత్తనిది ఏముంది? పసిబిడ్డకు దీనికంటే మంచి ఆటవస్తువు ఏముంటుందని ఒక గోతాం విప్పి వాడిని అందులో కూర్చోబెట్టాను. దూదిపింజె చెంపకు తగిలిందో లేదో, నిప్పురవ్వ పడ్డట్టు ఎగిరి దూకాడు. చెంప రుద్దుకుంటూ, గోక్కుంటూ పరుగెత్తి, పెరట్లో నులకమంచం మీద బోర్లా పడ్డాడు. కాసేపటికి ఏడుపు ఆగింది. వెళ్ళి చూద్దును కదా, గరుకు నులకకు చెంప ఆనించి అటూ ఇటూ రాస్తున్నాడు. లేచాక చెంప మీద ఎర్రగా తాళ్ళ అచ్చు. ముఖం మాత్రం హాయిగా, నిద్రలేచినట్టు ఉంది.

ఇప్పుడు వెళ్తున్న చోట థెరపీ మేడమ్ గారికి ఈ ముక్క చెబితే నవ్వారు. "మీ వాడే మీకు చెప్పేశాడమ్మా" అన్నారు. మెత్తగా, పైపైన తాకితే చాలామంది ఆటిజం పిల్లలకు ఒళ్ళు జలదరిస్తుందట. గట్టిగా ఒత్తితే, బరువు పడితే అదే ఒళ్ళు కుదుటపడుతుందట. చొక్కా మెడ దగ్గర లేబుల్, జుట్టుకు తగిలే కత్తెర, ముద్దుపెట్టబోయే చుట్టం గడ్డం వాడికి ఎందుకంత బాధో అప్పుడు తెలిసింది. ఈ ఇంద్రియాల లెక్కను అమెరికాలో జీన్ ఎయిర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ 1972లో పుస్తకంగా రాశారు. ధ్వని, స్పర్శ, వెలుతురు మరీ ఎక్కువగా తగలడం, లేదా అసలు తగలకపోవడం ఆటిజం లక్షణాల్లో ఒకటని అమెరికా సైకియాట్రీ సంఘం 2013లో తన గుర్తింపు పుస్తకంలో చేర్చింది. అయితే ఈ థెరపీ ఎంతవరకు పనిచేస్తుందనే దానికి ఆధారాలు పరిమితమేననీ, ఆ మాట తల్లిదండ్రులకు చెప్పాలనీ అక్కడి పిల్లల డాక్టర్ల అకాడమీ 2012లోనే రాసింది. ఎవరైనా 'నయం చేస్తాం' అని ప్యాకేజీ అమ్మితే ఈ చివరి మాట గుర్తు తెచ్చుకోండి. మేం ఆడేది నయం చేయడానికి కాదు. బిడ్డకు ఒక పూట హాయిగా గడవడానికి.

అప్పటినుంచి మా ఇంట్లో ఒకటే మాట: బదులు. వాడు వద్దన్న ప్రతిదానికీ ఒక బదులు వెతకాలి. వాడి ఒళ్ళు ఏం అడుగుతోందో చూసి, దాన్నే ఇంకో రూపంలో ఇవ్వాలి.

ఎనిమిదయింది. చప్పుడు వినపడుతోందా? వంటింట్లో చల్ల చిలుకుతున్నారు. స్తంభానికి కట్టిన పెద్ద కవ్వం, తాడు ఒక కొస అత్తయ్య చేతిలో, రెండోది వాడి చేతిలో. ఆవిడ లాగితే వాడి చేతులు ముందుకు సాగుతాయి. వాడు లాగితే నడుము వెనక్కి వాలుతుంది, రెండు మడమలూ నేలకు అదుముకుంటాయి. చూశారా? పొద్దున మునివేళ్ళ మీద నిలబడ్డ కాళ్ళే. కీళ్ళకూ కండరాలకూ పని తగిలితే వాడి ఒంటికి తన ఉనికి తెలుస్తుందని మేడమ్ గారంటారు. దానికి వాళ్ళ సెంటర్లో రబ్బరు పట్టీలు, బరువు బంతులు ఉన్నాయి. మాకు కవ్వం ఉంది. బిందె సగం నీళ్ళతో మోయడం ఉంది, తడిబట్ట పిండటం ఉంది, బియ్యం సంచీ నడవ ఈ కొస నుంచి ఆ కొసకు నెట్టడం ఉంది. ఉరుకులాడే బిడ్డను 'కూర్చో కూర్చో' అని అదిలించడానికి బదులు ఇలాంటి బరువు పని ఒకటి పావుగంట ఇచ్చి చూడండి.

వెన్న తేలింది. వాడి అరచేతిలో పెట్టబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, జిడ్డు కదా. అత్తయ్య ఏమీ అనలేదు, చెంచాతో పెట్టింది. ఈ కొండ కిందే చెంఘీజ్‌ఖాన్‌పేటలో వెన్నముద్దల కృష్ణుడి గుడి ఉంది. ఆవిడ అక్కడికి ఏళ్ళుగా వెళ్తోంది. "ఆ కిట్టయ్యకి వెన్న కావాల, మన కిట్టయ్యకి తాడు కావాల" అంది, వాడి మూతి తుడుస్తూ. గట్టిగా తుడిచింది, వాడికి నచ్చేట్టు.

ఇంకో గిన్నె ఉంది, ఇది కాసేపు దగ్గరగా చూడాలి. మరిగే నీళ్ళలో చిటికెడు ఉప్పేసి బియ్యప్పిండి కలిపి ఉడికించింది, ఉండ్రాళ్ళకు చేసినట్టే. స్లైముకు, బంకమన్నుకు ఇదే మా బదులు. ఉడికిన పిండి కాబట్టి తిన్నా భయం లేదు, పచ్చి గోధుమపిండి ముద్దలా కడుపునొప్పి తేదు. గోరువెచ్చగా, నున్నగా ఉంటుంది.

మొదటి రోజు గిన్నె వాడి ముందు పెట్టి నేను పక్కన కూర్చుని ఉండలు చేసుకున్నాను. వాడు చూడను కూడా చూడలేదు. నాలుగో రోజు గరిటెతో పొడిచాడు. తర్వాత పిండిని జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో వేసి గట్టిగా మూసి ఇచ్చాను. చెయ్యి తడవకుండా పైనుంచి నొక్కడం వాడికి తెగ నచ్చింది. వారం రోజులు ఆ కవరు వదల్లేదు. ఇవాళ గిన్నె అక్కడే ఉంది, కవరూ ఉంది. వాడు కవరు పక్కన పెట్టాడు. చూపుడువేలు చాపాడు. గిన్నె అంచు తాకాడు, ఆగాడు. ముద్ద మీద వేలికొస ఒక్క క్షణం ఆనించి తీసేశాడు. వేలు చూసుకున్నాడు. మళ్ళీ ఆనించాడు, ఈసారి సొట్ట పడేదాకా. ఆ సొట్ట వంక చూస్తూ 'ఊఁ' అన్నాడు. నేను చప్పట్లు కొట్టలేదు. కొడితే ఉలిక్కిపడతాడు. నా ముద్దలోనూ వేలితో ఒక సొట్ట పెట్టాను. వాడు నా సొట్ట చూశాడు, వాడి సొట్ట చూసుకున్నాడు. అంతే. లేచి వెళ్ళిపోయాడు. మొత్తం రెండు నిమిషాలు.

ఆ నురగ రోజు నుంచి ఈ వేలికొస దాకా పదకొండు నెలలు.

ఇక బయటకు రండి, జాగ్రత్తగా. ముక్కుకు కొంగో రుమాలో అడ్డం పెట్టుకోండి. పల్నాట్లో ఈ నెలల్లో ఏ ఊరు చూసినా కల్లాల మీద మిరపకాయలే. మా పక్కవాళ్ళ కల్లం ఎర్రచీర పరిచినట్టుంది. బాగా ఎండిన కాయను కదిపితే లోపల గింజ గలగలమంటుంది. మా వాడికి ఆ గలగల ప్రాణం. రెండుసార్లు కల్లంలోకి దూకి కాయలు పట్టుకుని చెవి దగ్గర ఊపాడు, ఆ చేతులతోనే కళ్ళు నులుముకున్నాడు. ఆ మధ్యాహ్నం నేను చెప్పలేను. మిరప ఘాటు ఒట్టి నీళ్ళకు పోదు. చేతులకైతే ముందు నూనె రాసి తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. కంట్లో పడితే మంచినీళ్ళు ధారగా పోస్తూనే ఉండాలి.

'మిరపకాయలు ముట్టుకోకు' అని వందసార్లు చెబితే ఏం లాభం? వాడు అడిగింది మిరపకాయను కాదు, ఆ చప్పుడును. బడి దగ్గర దిరిసెన చెట్టు ఉంది. ఆకు రాలిన ఈ కాలంలో ఎండుకాయలు గాలికి అచ్చం అలాగే గలగలమంటాయి. వాళ్ళ నాన్న పది కాయలు కోసుకొచ్చి నీళ్ళసీసాలో వేసి, మూత బిగించి, పైన టేపు చుట్టాడు. గింజ బయటకు రాదు, గొంతులో పడదు. అదిగో, చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. చింతపండు కొట్టేటప్పుడు చింతపిక్కలు ఇంకో సీసాలో వేశాం, దాని చప్పుడు వేరు. వామనగుంటలు ఆడే అక్కలు పిలుస్తారు కానీ, విడి పిక్కలు వాడి చేతికి ఇంకా ఇవ్వడం లేదు.

పదకొండు. రోడ్డు మీద ట్రాక్టరు, దాని వెనక పెద్ద పెద్ద స్పీకర్లు. శివరాత్రికి ఈ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కోటప్పకొండకు ప్రభలు కడతారు, ఆ ముచ్చట్లు మొదలయ్యాయి. ప్రభ అంటే నాకూ ప్రాణమే, చిన్నప్పుడు మా నాన్న భుజం మీద కూర్చుని చూశాను. కానీ వాడిని చూడండి. చెవులు రెండూ మూసుకుని, నేల మీద కూలబడి, తల గోడకేసి కొట్టుకుంటున్నాడు. చూసేవాళ్ళు మొండితనం అంటారు. ఇది మొండితనం కాదు, నొప్పి. ఇలాంటప్పుడు నేను మాట్లాడను, తిట్టను, ఫోను చూపించను. మధ్యగదిలోకి తీసుకెళ్ళి కిటికీ మూస్తాను. అక్కడ దూలానికి కట్టిన చీర ఉయ్యాల ఉంది. అందులో కూర్చుంటే చీర నాలుగువైపులా ఒంటికి బిగుస్తుంది, వెలుతురు తగ్గుతుంది. నెమ్మదిగా, ఒకే దిక్కుగా ఊపుతాను. గిరగిర తిప్పితే వాంతి చేసుకుంటాడు. పక్కనే ఉంటాను, ఒక్కడినీ ఉయ్యాలలో వదలను. మెడకు చీర చుట్టుకునే ప్రమాదం ఉంది.

బరువు దుప్పట్ల గురించి నన్ను చాలామంది అడిగారు. బ్రిటన్‌లో ఆటిజం పిల్లల మీద వాటిని పరీక్షించి 2014లో ఫలితం ప్రచురించారు. నిద్ర పెరగలేదు. కొందరు పిల్లలకు, తల్లిదండ్రులకు ఆ దుప్పటి నచ్చింది, అంతవరకే. చిన్నపిల్లలు బరువు కింద ఇరుక్కుంటే ఊపిరాడదు. మేం అత్తయ్య కుట్టిన పాతచీరల బొంత కప్పుతాం, వాడే నెట్టేసుకోగలిగినంత బరువు. మెలకువగా కూర్చున్నప్పుడు రెండు కిలోల పెసల మూట ఒళ్ళో పెడితే పుస్తకంలో నాలుగు పేజీలు తిప్పుతాడు.

సాయంత్రం అయిదు. బండెక్కండి, కొండమీదికి వెళ్దాం. ఘాట్ రోడ్డు పడ్డాక పైదాకా వెళ్ళగలుగుతున్నాం. రెడ్డిరాజు అనవోతారెడ్డి అద్దంకి నుంచి రాజధానిని ఈ కొండకు మార్చాడు. 1515లో కృష్ణదేవరాయలు దీన్ని గెలుచుకున్నాడు. నడుమ కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలు జరిపించాడు. కర్పూరం వెదజల్లించినందుకు కర్పూర వసంతరాయలన్న పేరు వచ్చింది. ఆ సుగంధద్రవ్యాలు ఓడల్లో తెప్పించిన వర్తకుడు అవచి తిప్పయసెట్టికే శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చాడు. వాసనతో, రంగుతో, పాటతో ఒక ఊరు ఊరంతా ఆడుకున్న చోటు ఇది. మా వాడికి మాత్రం హారతికర్పూరం వాసన తగిలితే వాంతి. పైగా ఆ బిళ్ళలు పటికబెల్లంలా తెల్లగా ఉంటాయి, మింగితే ఫిట్స్ వస్తాయి. అందుకే మా దేవుడిగూట్లో ఇప్పుడు నూనెదీపం ఒక్కటే. వాసన ఆటకు నిమ్మాకు నలిపి ఇస్తే ముక్కు దగ్గర పెట్టుకుని దారంతా వదలడు. ఇప్పుడూ వాడి గుప్పిట్లో ఉంది.

పైన గాలి చూడండి, చొక్కాలు ఎగరేస్తోంది. ఈ గాలి వాడికి పడుతుంది. పగలంతా ఎండకు కాగిన బండ మీద చెప్పులు విడిచి నడుస్తున్నాడు, మడమ ఆనించి. ముత్యాలమ్మ చెరువు కనపడగానే నేను వాడి మణికట్టు పట్టుకున్నాను, గమనించారా? నీళ్ళంటే వాడికి పిచ్చి. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామంది అంతే. చెప్పకుండా ఇల్లు దాటి నీళ్ళవైపే నడుస్తారు. పుట్టలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు, కింద పొలాల్లో బావులు, కుంటలు, అన్నీ నాకు భయమే. కాబట్టి రోజూ సాయంత్రం పెరట్లో బేసినులో బెత్తెడు నీళ్ళు, రెండు చెంబులు, ఒక జల్లెడ. వాడు పోసుకున్నంతసేపూ నేను పీట వేసుకుని అక్కడే. ఫోను మోగినా లేవను.

చీకటి పడకముందే దిగుదాం. దారిలో ఒక రెండు మాటలు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. వైకల్య గుర్తింపు కోసం యూడీఐడీ కార్డు తీసుకోండి. నేషనల్ ట్రస్టు వారి నిరామయ పథకంలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యఖర్చు, అందులో థెరపీ కూడా వస్తుంది. ప్రభుత్వ బడుల తరఫున మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, అడిగి వెళ్ళండి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ఇలాంటి పిల్లల కోసం కేంద్రప్రభుత్వ సంస్థ ఉంది. మేడమ్ గారిని నెలకు రెండుసార్లు కలుస్తాం. మిగతా రోజులన్నీ ఈ ఇల్లే, ఈ వాకిలే.

ఇల్లు వచ్చింది. అత్తయ్య అన్నం కలిపి ఎదురుచూస్తోంది. వాడు బండి దిగి నేరుగా నులకమంచం ఎక్కాడు, బోర్లా పడుకుని చెంప ఆనించాడు. ఒక చేతిలో దిరిసెన సీసా.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఇలాంటి బిడ్డ ఉంటే, రేపు పొద్దున ఉడికిన పిండి గిన్నె ఒకటి వాడి ముందు పెట్టండి. చెయ్యి పట్టి ముంచకండి. మీ ముద్ద మీరు చేసుకుంటూ పక్కన కూర్చోండి.